కళాశాల, రేడియో, సినిమా: బాలమురళీకృష్ణ గానానికి లాభమా, నష్టమా?

శ్రోత: మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడ సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా, ఆకాశవాణి సంగీత ప్రయోక్తగా పనిచేశారు. వయొలిన్, వయోలా, మృదంగం వాయించారు. 1967లో ‘భక్త ప్రహ్లాద’లో నారద వేషమూ కట్టారు. ఇన్ని పడవల మీద కాళ్లు పెట్టకుండా కచేరీనే నమ్ముకొని ఉంటే గానం ఇంకా లోతుగా ఉండేదని నా వాదన. కాదంటారా?

పాత రేడియో: కాదనే అంటాను. కచేరీలో ఎదుట రసికులుంటారు, గంటసేపు రాగం పాడినా కూర్చుంటారు. ఆకాశవాణి భక్తిగీతాల కార్యక్రమం ‘భక్తిరంజని’ వినేవారు పొద్దున్నే పనుల్లో ఉంటారు. వారికి దొరికేది కొద్ది నిమిషాల పాట. ‘పలుకే బంగారమాయెనా’ వినండి. నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) లేదు, స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) లేదు. ప్రతి అక్షరమూ విడిగా వినిపిస్తుంది. మంద్రస్థాయిలోనూ మాట మసకబారదు. గొంతు చించుకోనక్కరలేదని మైకు నేర్పింది. ఆ మెత్తదనమే తర్వాత కచేరీల్లోనూ ఆయన సొత్తయింది. రామదాసు కీర్తనలు, తత్త్వాలు సంగీతం రానివారి నోటికి ఎక్కాయంటే ఆ రేడియో చలవే. దీన్ని లోతు కాదంటే నేనేం చెప్పను!

వీణాభిమాని: రేడియో సరే. రాగాల మాటేమిటి? ఆయన తాను సృష్టించానన్న మహతి రాగంలో స గ ప ని, లవంగి రాగంలో స రి మ ద. నాలుగేసి స్వరాలు! రాగానికి ఐదైనా ఉండాలనే సంప్రదాయం ఊరికే పుట్టలేదు. వీణ ఎస్. బాలచందర్ గారు ఆ సృష్టి వాదనను బహిరంగంగానే ఖండించారు. అన్నిటా తానే ఉండాలన్న తొందర ఇక్కడే కనిపిస్తుంది.

పాత రేడియో: చిన్ననాడే 72 మేళకర్తల్లో (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాల్లో) కృతులు కట్టడం మొదలుపెట్టిన మనిషికి తొందరేమిటండీ? సంపూర్ణ రాగాలన్నీ చూసేశాక, ఎంత తక్కువతో బతకవచ్చో చూశారు. లవంగిలో విస్తారమైన ఆలాపన కష్టమే, ఒప్పుకుంటాను. కానీ అందులో ఆయన కట్టిన ‘ఓంకారాకారిణి’ కృతి నిలబడిందా లేదా? రి నుంచి మకు, మ నుంచి దకు గెంతాలి. పక్క స్వరాల ఆసరా లేదు కాబట్టి శ్రుతి కాస్త జారినా దొరికిపోతారు.

బోధన విషయంలో మాత్రం శ్రోత గారి వైపు కొంత మొగ్గుతాను. అప్పటికప్పుడు తోచింది పాడే బాణీని పాఠంగా చెప్పడం కష్టం. శిష్యులకు కృతులు వచ్చాయి, ఆ తెగింపు మాత్రం అంతగా అబ్బలేదని నాకనిపిస్తుంది.