ఆగస్టు 29 ఊరేగింపు: ఇంపాలా స్టీరింగ్ బాక్స్ పని

రవాణా బాధ్యులు:
పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారి పటం ఊరేగింపుకి పాత షెవర్లే ఇంపాలా కారునే ఖాయం చేశాం. పవర్ స్టీరింగ్ బాక్స్ కింద ఆయిల్ కారుతోంది. బండి వెనకే కోలాటం పిల్లలు చెప్పుల్లేకుండా వస్తారు, ఆయిల్ మీద కాలు వేస్తే జారిపోతారు. బాక్స్ పక్కనే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అక్కడ చుక్క పడితే మంట భయం. అందుకని ఆయిల్ పోసుకుంటూ లాగించేద్దాం అనే మాట వద్దు. 22వ తేదీకి బండి సిద్ధంగా ఉండాలి. బాబాయ్, ఏమేం కావాలో రాయండి.

మెకానిక్ పని చూసేవారు:
ముందు లీకు ఎక్కడో తేలాలి తమ్ముడూ. పైన హోస్ యూనియన్ (గొట్టం బిగించే చోటు) దగ్గర కారినా ఆయిల్ బాక్స్ మీదుగా జారి, కింద చక్రాల్ని తిప్పే పిట్‌మన్ ఆర్మ్ దగ్గరే చుక్క కడుతుంది. డీగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, టాల్కం పౌడర్ చల్లండి. ఇంజిన్ వేసి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు టార్చితో చూడాలి: హోస్ యూనియన్లు, స్టీరింగ్ రాడ్ వచ్చి కలిసే చోట ఉన్న సీలు, సైడ్ కవర్, చివరి ప్లగ్, ఆఖర్న ఆర్మ్ బిగించి ఉండే కింది షాఫ్ట్, అంటే పిట్‌మన్ షాఫ్ట్. చివరికంటా తిప్పి ఐదు సెకన్లకు మించి పట్టకండి, పంపు కాలిపోతుంది.

సామాను కొనేవారు:
కింది షాఫ్టే అయితే శ్రీకాకుళంలో అదే సైజు ఆయిల్ సీల్ తెచ్చేయనా?

మెకానిక్ పని చూసేవారు:
వద్దమ్మా. మామూలు సీలు ప్రెషర్‌కి నిలవదు, షాఫ్ట్‌ని పట్టి ఉండే దాని రబ్బరు అంచు, అదే పెదవి, తిరగబడిపోతుంది. మన స్టీరింగ్ బాక్స్ సాగినా 800 రకం, దానికి పిట్‌మన్ షాఫ్ట్ సీల్ కిట్ అని అడుగు. అందులో ఒక పెదవి సీలు, రెండు పెదవుల సీలు, రెండు వాషర్లు, వాటిని జారకుండా పట్టే సర్‌క్లిప్ ఉంటాయి. పవర్ స్టీరింగ్ ఆయిల్ రెండు లీటర్లు, 1-5/16 అంగుళాల సాకెట్, ఆర్మ్‌ని లాగడానికి గట్టి పుల్లర్ కూడా కావాలి. లీకు ఆపుతామనే మందులు కొనకు. అవి రబ్బరును ఉబ్బిస్తాయి, కొన్నాళ్లకి మెత్తబడి మళ్లీ కారుతుంది.

విప్పేటప్పుడు ఆర్మ్‌కీ షాఫ్ట్‌కీ గుర్తు పెట్టుకుని పుల్లర్‌తోనే లాగండి. సుత్తితో కొడితే లోపలి పళ్లు, బేరింగులు దెబ్బతింటాయి. షాఫ్ట్‌ని పక్కలకి ఊపి చూడండి. వదులుగా ఊగితే బేరింగ్ అరిగినట్టే, కొత్త సీలు వేసినా నిలవదు.

సర్‌క్లిప్ తీశాక సీళ్లని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, సీలు కూర్చునే రంధ్రం గీసుకుపోతుంది. కింద బేసిన్ పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇంజిన్ వేసి స్టీరింగ్ ఎడమకి చివరిదాకా తిప్పితే ప్రెషరే వాటిని బయటికి తోస్తుంది. మనది ఎడమచేతి స్టీరింగ్ బండి కాబట్టి ఎడమకే. సీలు రాగానే ఇంజిన్ ఆపేయాలి, లేకపోతే పంపు ఎండిపోతుంది.

షాఫ్ట్ మీద తుప్పు గుంటలుంటే 600 నంబరు ఎమరీ కాగితంతో చుట్టూరా రుద్దాలి, నిలువుగా కాదు. గోటికి తగిలేంత గాడి ఉంటే షాఫ్టే మార్చాలి. బిగించే ముందు షాఫ్ట్ చివర ఉన్న పళ్ల (స్ప్లైన్ల) మీద టేప్ చుట్టి, ఆయిల్ రాయండి. మొదట ఒక పెదవి సీలు, తరవాత వాషర్, రెండు పెదవుల సీలు, వాషర్, సర్‌క్లిప్. లోపలి సీలుని అడుగంటా కొట్టొద్దు, మిగతావాటికి చోటు సరిపోయేంత లోపలికి వెళ్తే చాలు. ఆర్మ్ నట్ 185 ఫుట్‌పౌండ్లు, అంటే దాదాపు 250 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ ఉండాల్సిందే.

రవాణా బాధ్యులు:
పైనున్న అడ్జస్టింగ్ స్క్రూ కూడా బిగించేద్దామా?

మెకానిక్ పని చూసేవారు:
ముట్టుకోవద్దు. దానికీ లీకుకీ సంబంధం లేదు. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, తిప్పింది తిరిగి రాదు.

గాలి తీయడం ఓపికగా చెయ్యాలి. ముందు చక్రాలు స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ వెయ్యకుండా ఇరవైసార్లు అటూ ఇటూ నెమ్మదిగా తిప్పండి, ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ. బుడగలు ఆగాకే ఇంజిన్ వెయ్యాలి. ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే ఇంకా గాలి ఉన్నట్టు. కాసేపు ఆపి మళ్లీ మొదలెట్టండి.

తరవాత పాతపట్నం దాకా వెళ్లొచ్చి, రాత్రంతా బండి కింద అట్టముక్క పరిచి ఉంచండి. పొద్దున్న ఒక్క మరక కనిపించినా నాకు చెప్పండి.

రవాణా బాధ్యులు:
సరే. ఊరేగింపులో?

మెకానిక్ పని చూసేవారు:
నిలబడ్డ బండి మీద స్టీరింగ్ తిప్పొద్దు, కాస్త కదిలాకే తిప్పమని డ్రైవర్‌కి చెప్పండి. పూలదండలు రేడియేటర్ గ్రిల్ మీదకి రానీయకండి. వేరే బండి ఒకటి సిద్ధంగా ఉంచండి. 22న అట్ట మీద చుక్క ఉంటే పటం ఆ వేరే బండి మీదే.