ఆఫీసు కాల్స్‌కి ప్రయారిటీ క్యూ పెట్టాలా, ఫెయిర్ క్యూ చాలా?

గవర్నర్‌పేట_నెట్:
మాది గవర్నర్‌పేటలో నలభై మంది పనిచేసే అకౌంట్స్ ఆఫీసు. 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్, సిస్కో రూటర్, పన్నెండు ఐపీ ఫోన్లు. సాయంత్రం ట్యాలీ బ్యాకప్, సీసీటీవీ ఫుటేజీ క్లౌడ్‌కి ఎక్కడం మొదలైతే చాలు, మా మాట అవతలివాళ్ళకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. వాయిస్‌కి ఈఎఫ్ మార్కింగ్ (ముందు పంపమని ప్యాకెట్ మీద వేసే గుర్తు) ఉంది, వాటిని ముందు పంపేలా ప్రయారిటీ క్యూ రాశాం, వ్యాన్ ఇంటర్‌ఫేస్‌కి, అంటే ఇంటర్నెట్ వైపు పోర్టుకి, అవుట్‌పుట్‌లో తగిలించాం. తేడా ఏమీ లేదు. మా సారేమో "ఈ క్లాసులూ గీసులూ తీసేసి ఫెయిర్ క్యూ పెట్టెయ్" అంటున్నారు, అంటే ట్రాఫిక్‌ని రకాలుగా విడదీయకుండా అన్నిటికీ సమానంగా పంచే క్యూ. మీరేమంటారు?

పటమట_ప్యాకెట్:
పోర్టు గిగాబిట్టేనా? షేపర్ (బయటికెళ్ళే వేగానికి హద్దు పెట్టేది) ఉందా? పాలసీ కౌంటర్లలో డ్రాప్స్ (పారేసిన ప్యాకెట్లు) ఎన్ని?

గవర్నర్‌పేట_నెట్:
గిగాబిట్టే అన్నా. షేపర్ లేదు. డ్రాప్స్ అన్ని క్లాసుల్లోనూ సున్నా. అది మంచిదే కదా?

పటమట_ప్యాకెట్:
ఇక్కడ మంచిది కాదు తమ్ముడూ. రద్దీ ఎక్కడ ఉంటే క్యూ అక్కడే పేరుకుంటుంది. మీ పోర్టు 1000 ఎంబీపీఎస్ వేగంతో బయటికి తోసేస్తోంది, కాబట్టి మీ రూటర్‌కి రద్దీ అన్నదే తెలియదు. 100కి కోత పడేది ప్రొవైడర్ దగ్గర. మామూలు ఇంటర్నెట్ లైన్లో అక్కడ మీ ఈఎఫ్‌ని, అదే ప్యాకెట్ హెడర్లో ఉండే డీఎస్‌సీపీ గుర్తు 46ని, పట్టించుకోవడం అరుదు. వాయిస్సూ బ్యాకప్పూ ఒకే గాటన పడి డ్రాప్ అవుతుంటాయి.

పేరెంట్ పాలసీలో 95 ఎంబీపీఎస్‌కి షేప్ చెయ్యండి. ఇప్పుడున్న పాలసీని దానికింద చైల్డ్‌గా పెట్టండి. అప్పుడు రద్దీ మీ రూటర్‌లోకి వస్తుంది, ఎవర్ని ముందు పంపాలో మీరు చెప్పొచ్చు. జీ.711 (మాటని డేటాగా మార్చే పద్ధతి) కాల్ హెడర్లతో కలిపి ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్. పన్నెండు ఫోన్లూ ఒకేసారి మోగినా ఒక ఎంబీ దాటి కాస్త. ప్రయారిటీకి 2 ఎంబీపీఎస్ ఇస్తే ధారాళం.

ఆటోనగర్_అన్న:
ఇంత తలనొప్పెందుకండీ? 200 ఎంబీ ప్లాన్‌కి మారితే పోలా?

బ్రాడీపేట_లైనక్స్:
పోదు. బ్యాకప్ నడిచేది టీసీపీ (వేగం తనే పెంచుకుంటూ, డ్రాప్ అయితే తగ్గించుకునే పద్ధతి) మీద, అవతలి సర్వర్ తీసుకుంటున్నంతసేపూ దొరికినంత లైనూ నింపేస్తుంది. 200 ఇస్తే పని సగం టైములో అవుతుంది, ఆ సగం టైమూ కాల్స్ అలాగే తెగుతాయి.

షేపర్ దాకా పటమట గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. ఆ తర్వాత క్లాసులెందుకన్నదే నా గొడవ. ఎఫ్‌క్యూ-కోడెల్ అనే ఫెయిర్ క్యూ పద్ధతినే చూడండి, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. ఫ్లోలను (ఒక్కో కనెక్షన్ ప్యాకెట్ల వరసని) విడివిడి క్యూల్లోకి పంచుతుంది. ఫోన్ కాల్ లాంటి సన్నటి ఫ్లో రాగానే ముందు పంపేస్తుంది, లావుపాటి బ్యాకప్ తన క్యూలో తనే నిలబడుతుంది. ఆ నిలబడటం 5 మిల్లీసెకన్లకి మించి అదేపనిగా సాగితే డ్రాప్ చేయడం మొదలుపెడుతుంది. మార్కింగ్ ఉందా, ఏ పోర్టు నంబరు (ఏ యాప్‌దో చెప్పేది) అని అడగదు. మీరేమో జూమ్‌కి ఒక పోర్టుల వరస, టీమ్స్‌కి ఇంకో వరస, మీట్‌కి మరోటి రాసుకుంటూ కూర్చోవాలి. ఆ జాబితా రాసిన కుర్రాడికి హైదరాబాద్‌లో జాబొచ్చి వెళ్ళిపోతే, తర్వాత ఆ కాన్ఫిగ్ ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

పటమట_ప్యాకెట్:
కుర్రాడి సంగతి నిజమే 😀 కానీ ఫ్లోకి ఫ్లో సమానం అన్నప్పుడు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ముప్పై కనెక్షన్లు తెరిచిందనుకోండి. ముప్పై వాటాలు దానికే. పైగా వీడియో కాల్ సన్నటి ఫ్లో కాదు, దాన్నెవరు కాపాడతారు?

బ్రాడీపేట_లైనక్స్:
దానికే కేక్ అనే ఇంకో క్యూ పద్ధతి ఉంది. ముందు మెషీన్‌కి ఇంత అని పంచి, ఆ తర్వాత ఫ్లోలకి పంచుతుంది. నాట్ (మెషీన్లన్నీ ఒకే బయటి అడ్రస్ వాడుకోవడం) ఉంటే నాట్ ఆప్షన్ ఆన్ చెయ్యడం మాత్రం మరవకూడదు, లేకపోతే ఆఫీసంతా ఒకే మెషీన్‌లా కనిపిస్తుంది. ఆయన సిస్కోలో కేక్ లేదు, ఒప్పుకుంటా. మైక్రోటిక్ కంపెనీ రూటర్లలో నడిచే రూటర్ఓఎస్ 7లో ఉంది.

గవర్నర్‌పేట_నెట్:
రూటర్ మార్చడానికి బడ్జెట్ లేదండీ. ఇంకోటి, ఎండీ గారి ల్యాప్‌టాప్‌నీ, మీటింగుల వీడియోనీ కూడా ఆ ప్రయారిటీ క్లాసులోనే వెయ్యమంటున్నారు.

పటమట_ప్యాకెట్:
వద్దు! దసరాల్లో కొండమీద అందరికీ వీఐపీ పాసులిస్తే ఏమవుతుందో బెజవాడ వాళ్ళకి నేను చెప్పాలా? ప్రయారిటీ క్లాసుకి మీరిచ్చిన 2 ఎంబీయే హద్దు. రద్దీ వేళ అది దాటిందేదైనా డ్రాపే. ఎండీ గారి వీడియో అందులో దూరితే, హద్దు దాటాక ఏ ప్యాకెట్ వాయిస్‌ది, ఏది వీడియోది అని రూటర్ చూడదు. ఫోన్లు మళ్ళీ తెగుతాయి. వీడియోకి వేరే క్లాసు పెట్టి కనీసం ఇంత బ్యాండ్‌విడ్త్ అని గ్యారంటీ ఇవ్వండి, ప్రయారిటీ వద్దు.

గవర్నర్‌పేట_నెట్:
95కి షేప్ చేసి చైల్డ్ పాలసీ తగిలించా. బ్యాకప్ నడుస్తుండగానే చూశా: వాయిస్ క్లాసులో డ్రాప్స్ సున్నా, ఏ క్లాసులోనూ పడని మిగతా ట్రాఫిక్ వెళ్ళే క్లాస్-డిఫాల్ట్‌లో వేలల్లో. మాట తెగట్లేదు. డిఫాల్ట్‌లో ఫెయిర్-క్యూ కూడా పెట్టా, సార్ అడిగారుగా. ఇప్పుడు ఎవరైనా పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెడితే మాత్రం మీటింగ్‌లో బొమ్మ ఆగుతోంది.

బ్రాడీపేట_లైనక్స్:
డౌన్‌లోడ్ వైపు క్యూ ప్రొవైడర్ చేతిలో ఉంది. ల్యాన్ (ఆఫీసు లోపలి వైపు) ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌లో 90కి షేప్ చేసి దానికింద ఫెయిర్-క్యూ పెట్టండి. టీసీపీ అదే తగ్గుతుంది. ఇక్కడ క్లాసులు రాయాలన్నా బయటినుంచి వచ్చే ప్యాకెట్ల మార్కింగ్‌ని నమ్మలేరు.

పటమట_ప్యాకెట్:
షేప్ సరే, కానీ నేనైతే అక్కడా మీట్, టీమ్స్ పోర్టులు పట్టి క్లాసు రాస్తా. మూడు లైన్ల పని.

బ్రాడీపేట_లైనక్స్:
వచ్చే ఏడాదికి ఆ మూడు ముప్పై అవుతాయి గురువుగారూ.