హోళీ నుంచి శ్రీరామనవమి దాకా: కాలనీ పార్కు జాగలో అందరం కలిసి ఏం చేయొచ్చు?

ఏనుగొండ కోడలు:

నమస్తే అందరికీ. మాది మహబూబ్‌నగర్, ఏనుగొండ వైపు కొత్త కాలనీ. నూట ముప్పై దాకా ఇళ్ళున్నాయి. సగం మంది టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మిగతా వాళ్ళు దేవరకద్ర, మక్తల్, నారాయణపేట వైపు పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళు. మేం వచ్చి ఆరేళ్ళయింది. పక్కింటి వాళ్ళ పేరు తెలుసు, ఎదురింటి కారు తెలుసు, అంతకు మించి ఎవరికి ఎవరూ తెలియదు.

లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగ ఒకటుంది, ఎనిమిది వందల గజాలు ఉంటుంది. ఒక మూలకు రెండు వేపచెట్లు, హరితహారంలో పెట్టిన కానుగ మొక్కలు ఓ పది బతికాయి, మిగతాదంతా సర్కారు తుమ్మ. మా మామయ్య ఊళ్ళో ఉన్నన్నాళ్ళు పొద్దున్నే రచ్చకట్ట మీద కూర్చునే మనిషి. ఇక్కడికొచ్చాక గేటు దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ ఉంటారు. పోయిన వారం "ఇక్కడ ఎండాకాలం వచ్చిందని కూలర్ సప్పుడుతోనే తెలుస్తదమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పోయినేడు ఉగాదికి ఇంటికి వెయ్యి చొప్పున వేసుకుని ఒక ఈవెంట్లు చేసే అతనికి అప్పజెప్పాం. పొద్దున తొమ్మిదికి అన్నది పదకొండున్నరకు మొదలైంది. షామియానా కింద ఉక్కపోత, చెవులు పగిలే స్పీకర్లు, ముసలివాళ్ళు పావుగంటలో లేచి వెళ్ళిపోయారు. పచ్చడి ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసి టేబుల్ మీద పెడితే సగం అలాగే మిగిలిపోయింది. అంతకు ముందు హోళీకైతే బజారులో కొన్న పచ్చరంగు పడి మా చిన్నోడి కన్ను మూడు రోజులు వాచింది.

ఈ ఏడు, అంటే 2026లో, హోళీ పున్నమి మార్చి 3న, ఉగాది 19న. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, పిల్లలు మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి ఫోన్లు పట్టుకుంటారు. ఏప్రిల్ వస్తే పొద్దున పదింటికే బయట నిలబడలేం. మనకున్నది ఆరేడు వారాలే. ఎక్కువ డబ్బు లేకుండా, పెద్దలూ పిల్లలూ బయటికి వచ్చేలా ఏం చేయాలి? మీ దగ్గర చేసి చూసినవే చెప్పండి, చేస్తే బాగుంటుంది అనేవి వద్దు.

పానగల్లు కట్ట:

అక్కా, మాది నల్గొండ, పానగల్లు రోడ్డులో ఉంటాం. మూడేళ్ళ కింద మాదీ ఇదే పరిస్థితి. మాకు తెలిసొచ్చింది ఏంటంటే ముందు టైము సరిచేసుకోవాలి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, లేదంటే సాయంత్రం ఐదున్నర తర్వాత. తొమ్మిదికి మొదలుపెడదాం అంటే మన దగ్గర పది అవుతుంది, పదికి ఎండ మాడ్చేస్తుంది. ఆరున్నరకు అంటే మాత్రం ఏడుకల్లా వస్తారు, ఎందుకో తెల్లవారి పనికి మనోళ్ళు అంత ఆలస్యం చేయరు.

మేం స్టేజీ, మైకు జోలికి పోలేదు, నడకతో మొదలుపెట్టాం. ఫిబ్రవరి, మార్చిలో రెండు వారాలకో ఆదివారం ఉదయ సముద్రం కట్ట మీదికి పోతాం. కందూరు చోడుల నాటి చెరువు, ఇప్పుడు రిజర్వాయరు చేశారు, పొద్దున్నే కట్ట మీద ఆ గాలికి నడుస్తుంటే మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మలు కూడా ఇంకొంచెం పోదాం అంటారు. మొదటి వారం పదకొండు మందిమి, నాలుగో నడకకు నలభై దాటాం. అక్కడి నుంచి ఛాయా సోమేశ్వరాలయం దగ్గరే. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా స్తంభం నీడ ఉంటుంది కదా, సూర్యుడు కదిలినా నీడ ఎందుకు కదలదని పిల్లలు వాదించుకోవడం మొదలుపెట్టారు. మా కాలనీలో ఉండే ఫిజిక్స్ మేడమ్ వాళ్ళను మండపంలో కూర్చోబెట్టి, అది నేరుగా పడిన ఎండ వల్ల వచ్చే నీడ కాదు, బయట నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకోవడం వల్ల వచ్చేదని కాగితం మీద గీసి చూపించింది. రెండేళ్ళుగా ఒకే సందులో ఉంటూ ఆమె ఫిజిక్స్ చెబుతుందని ఆ రోజు దాకా మాకెవరికీ తెలియదు.

మీకు పిల్లలమర్రి ఉంది కదా, ఊరికి నాలుగైదు కిలోమీటర్లే. ఏడు వందల ఏళ్ళ చెట్టంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక చెదలు పట్టిందని తెలిసి, మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. ఆ సంగతి చెప్పి తీసుకెళ్ళండి, పిల్లలు చెట్టును వేరేగా చూస్తారు. ఊడలు పట్టుకుని ఊగనివ్వకండి, అంతే.

మోదుగుపూల సారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మీ అబ్బాయి కన్ను సంగతి చదివి బాధ కలిగింది. రంగు కొనకండి, చేసుకోండి. ఇప్పుడు మన జిల్లాలో మోదుగ పూత మీద ఉంది. అప్పన్నపల్లి దాటితే గుట్టల వెంట, ఇటు పొలాల గట్ల మీద, ఆకు రాలిపోయిన చెట్టు మొత్తం నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది.

చేసే పద్ధతి చెబుతాను. పొద్దున్నే వెళితే చెట్టు కింద రాలిన పూలు దండిగా దొరుకుతాయి, కొమ్మలు విరవక్కర్లేదు. పువ్వు చిలుక ముక్కులా వంగి ఉంటుంది, మొదట్లో నల్లగా మఖ్మల్ బట్టలా ఉండే తొడిమె ఉంటుంది, అది తీసేసి రేకులు మాత్రం ఉంచుకోవాలి. ఈ పని పిల్లలకు ఇవ్వండి, గంటసేపు కదలకుండా కూర్చుంటారు. బకెట్ నిండా రేకులుంటే రెండు బకెట్ల నీళ్ళు పోసి పెద్ద గంజులో పావుగంట మరిగించి, దించి, రాత్రంతా అలాగే వదిలేయాలి. తెల్లారి పలుచటి బట్టలో వడగడితే కుంకుమపువ్వు వేసిన పాలకంటే చిక్కటి రంగు వస్తుంది. ఎర్రదనం కోసం సున్నం కలుపుతారు కొందరు, మీరు కలపకండి, కంట్లో పడితే ప్రమాదం. ఒక రోజుకు మించి నిల్వ ఉంచితే పులిసి వాసన వస్తుంది, అందుకే పున్నమి ముందు రోజే చేయాలి. తెల్లచొక్కా మీద పడితే మరక ఉండిపోతుంది, అది ముందే చెప్పండి.

ఇంకొక మాట. మా చిన్నప్పుడు హోళీకి వారం ముందు నుంచే పిల్లలం కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవాళ్ళం. వాకిట్లో పాడితే చేటలో వడ్లో జొన్నలో తెచ్చి పోసేవారు. మీ కాలనీలో పల్లెల నుంచి వచ్చిన అవ్వలకు ఆ పాటలు నోటికి వస్తాయి. అడగండి, వాళ్ళు ఒక సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుని పిల్లలకు నేర్పితే చాలు, మీకు ఏ ఈవెంట్ల మనిషీ అవసరం లేదు. కోలలు బజారులో కొనొద్దు, వెదురు ముక్కలు కోసి ఇవ్వండి.

బోయపల్లి గేటు:

సారు చెప్పింది నిజం. సర్కారు తుమ్మ సంగతి నేను చెబుతా. ఇప్పుడే కొట్టేస్తే పదిహేను రోజుల్లో ఎండుతుంది, కాముని దహనానికి ఆ కంపే సరిపోతుంది. మార్చి 3 సాయంత్రం చంద్రగ్రహణం ఉంది, మా దగ్గర పెద్దలు ముందు రాత్రే దహనం చేద్దామంటున్నారు, మీరూ అడిగి చూసుకోండి. మంట కరెంటు తీగల కింద మాత్రం పెట్టకండి, పక్కన రెండు డ్రమ్ముల నీళ్ళు ఉంచండి. తుమ్మ ముల్లు చెప్పును కూడా దిగుతుంది, బూట్లు వేసుకోండి. వేళ్ళతో తీయకపోతే వానాకాలానికి మళ్ళీ వస్తుంది. ఆ జాగ మున్సిపల్ కార్పొరేషన్‌ది అవుతుంది కాబట్టి ముందుగా ఒక కాగితం రాసి వార్డు ఆఫీసులో ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోండి.

షాసాబ్‌గుట్ట తమ్ముడు:

అక్కా, మీ కాలనీలో మావాళ్ళ ఇళ్ళు కూడా ఉండే ఉంటాయి. ఈసారి హోళీ, ఉగాది రెండూ రంజాన్ నెలలోనే వస్తున్నాయి. పొద్దున పని పెట్టుకుంటే ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా రాగలరు, తెల్లవారకముందు తినే సహర్ తర్వాత ఎలాగూ మెలకువగానే ఉంటాం. సాయంత్రం ఆటలు పెడితే ఇఫ్తార్‌కు అరగంట ముందు ఆపేయండి, అందరూ ఇల్లు చేరతారు. రాత్రి పూట మైకు వద్దు, తరావీ నమాజు ఉంటుంది, పదో క్లాసు పిల్లలకు పరీక్షలూ ఉంటాయి. పది తర్వాత లౌడ్‌స్పీకర్‌కు ఎలాగూ అనుమతి లేదు.

పోయినేడు ఉగాది మార్చి 30న, తెల్లారే ఈద్. మా సందులో ఆ రోజు జరిగింది చెబుతా. పక్కింటి పెద్దమ్మ ఉగాది నాడు మా అమ్మకు బచ్చాలు, కొత్త కుండలోని పచ్చడి పంపింది. ఉపవాసం కాబట్టి అమ్మ మూత పెట్టి ఇఫ్తార్ దాకా ఆగి, ఖర్జూరం తర్వాత మొదట ఆ పచ్చడే తాగింది. తెల్లారి మేం షీర్ ఖుర్మా గిన్నె తీసుకెళ్ళాం. ఈ ఏడు కూడా నెలవంకను బట్టి ఉగాదికి ఒకటి రెండు రోజుల తేడాలోనే ఈద్ వస్తుంది. ఆ వారంలో మీ వేపచెట్ల కింద ఒక్క సాయంత్రం అందరూ గిన్నెలు తెచ్చుకుని కూర్చోండి. పిలిచేటప్పుడు వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి, ఇంటికెళ్ళి పిలవండి. మమ్మల్ని పిలిచారా లేదా అని ఆలోచిస్తూ రాకుండా ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, నేనూ ఒకప్పుడు అలా ఆగిపోయినవాణ్ణే.

జడ్చర్ల అక్క:

చెల్లె, అందరూ పండగల గురించి చెప్పారు, పండగ ఒక్క రోజు. రోజూ మనుషులు కలవాలంటే చలివేంద్రం పెట్టండి. మేం నాలుగేళ్ళుగా ఉగాది నాడు మొదలుపెట్టి వానలు పడేదాకా నడుపుతున్నాం. నాలుగు పెద్ద కుండలు, కింద తడి ఇసుక, చుట్టూ గోనెసంచి, పైన తాటాకుల పందిరి. ఖర్చు తక్కువే, ఓపిక కావాలి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళల్లో నానబెట్టాకే వాడాలి. నెల తిరిగేసరికి కుండ సన్నటి రంధ్రాలు పూడుకుపోయి నీళ్ళు చల్లబడవు, అప్పుడు కొబ్బరిపీచుతో బయటంతా రుద్ది కడిగి ఒక పూట ఎండబెట్టాలి, అందుకే మూడు చాలే చోట నాలుగు కుండలు పెట్టాం. కుండలో గ్లాసు ముంచనివ్వకండి, పొడవాటి కాడ ఉన్న గంటెతో ఒకరు పోయాలి.

ఆ పోసే మనిషే ముఖ్యం. మేం ఇంటికో రోజు అని పంచుకున్నాం. మా సందులో అసలు ఎవరితో మాట్లాడని ఒక రిటైర్డ్ కండక్టర్ ఉండేవాడు, తన రోజు వస్తే పొద్దున ఎనిమిదికే వచ్చి కూర్చుని, ఎండలో పోయే మేస్త్రీ కూలీలను, ఆటోవాళ్ళను ఆపి మరీ నీళ్ళిచ్చేవాడు. ఇప్పుడు వేరేవాళ్ళ రోజున కూడా వస్తున్నాడు. మీ మామయ్య గారిని అక్కడ కూర్చోబెట్టి చూడు. ఆయనకు రోడ్డు చూసే అలవాటు ఉందన్నావు కదా.

డబ్బుల సంగతి. చందాలు వసూలు చేస్తే లెక్కల దగ్గర మాటలు వస్తాయి, మాకు మొదటి ఏడాది వచ్చాయి. ఇప్పుడు డబ్బు తీసుకోం. ఒకరు కుండ, ఒకరు ఇసుక, ఒకరు తాటాకు, ఒకరు వారానికోసారి రాగి అంబలి. పేర్లు పలక మీద రాసి పందిరికి కట్టాం, అంతే.

ఏనుగొండ కోడలు:

ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు. రాత్రి అన్నం తిన్నాక మామయ్యకు మొత్తం చదివి వినిపించాను. జాజిరి దగ్గర ఆపమన్నారు, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మక్తల్ దగ్గర వాళ్ళ ఊళ్ళో ఎవరెవరు ఆడేవాళ్ళో పేర్లతో సహా చెప్పుకుంటూ పోయారు. సారు, మీకు చాలా థాంక్స్.

నిన్న సాయంత్రం నేనూ మా ఆయనా ముప్పై రెండు ఇళ్ళు తిరిగాం. తమ్ముడు చెప్పినట్టు లోపలికెళ్ళి పిలిచాం. నాలుగిళ్ళల్లో చాయ్ తాగాల్సి వచ్చింది. మూడో సందులో ఒకామెది మా అమ్మగారి ఊరే, ఆరేళ్ళుగా ఒకే కూరగాయల బండి దగ్గర నిలబడుతున్నాం, ఇద్దరికీ తెలియదు. వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చి నకలు తెచ్చుకున్నాం. వాళ్ళు సరేనన్నారు, వేపకూ కానుగకూ చెయ్యి పెట్టొద్దన్నారు.

ఈ ఆదివారం పొద్దున ఆరున్నరకు తుమ్మ కొట్టడం. ఆ పై ఆదివారం పిల్లలమర్రి. మార్చి 1న అప్పన్నపల్లి వైపు మోదుగుపూలకు. ఉగాది నాడు మా గేటు ముందు చలివేంద్రం, మొదటి రోజు మామయ్యది. పిల్లలకు చిర్రగోనె, కచ్చకాయలు, ఓనగుంటలు లాంటి ఆటలు నేర్పడానికి ఇద్దరు అవ్వలు, ఒక తాత ఒప్పుకున్నారు, బడి నుంచి వచ్చి తిని పడుకున్నాక సాయంత్రం ఐదున్నరకు, రంజాన్ అయ్యేదాకా ఆరు దాటకుండా.

బోయపల్లి అన్నా, తుమ్మ వేళ్ళు తీయడానికి గడ్డపార సరిపోతుందా, చిన్న జేసీబీ పిలవాలా? కొన్ని మొదళ్ళు నా చెయ్యంత లావున్నాయి.

బోయపల్లి గేటు:

చెయ్యంత లావువి గడ్డపారతో వస్తాయి చెల్లె. జేసీబీ పెడితే కానుగ వేళ్ళు కూడా లేచిపోతాయి. ముందు రోజు సాయంత్రం మొదళ్ళ చుట్టూ నీళ్ళు పోసి నాననివ్వండి. నా దగ్గర రెండు గడ్డపారలు, ఒక గొడ్డలి ఉన్నాయి, ఆదివారం నేనే తీసుకొస్తా.