కరివేపాకు మీద కదిలే మచ్చలు – ఎండాకాలం తోటలో మీకేం కనిపిస్తున్నాయి?

మిద్దెతోట_అనంత: అనంతపురంలో ఎండలు మండిపోతున్నాయి. కుండీలోని కరివేపాకు లేత ఆకులు రోజురోజుకీ మాయం. మిగిలిన వాటి మీద పిట్టరెట్టల్లాంటి మచ్చలు. తుడవబోతే కదిలాయి! మందు కొట్టాలా?

కడప_పెరడు: వద్దక్కా. అవి నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగులు. పిట్టలు రెట్ట అనుకుని వదిలేయాలనే ఆ రంగు. ఆఖరిసారి కుబుసం విడిచాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతాయి. పుల్లతో మెల్లగా తాకండి, తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసన కొడుతుంది. చిలుక అయ్యాక నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు, వెనక రెక్కల మీద ఎర్ర చుక్క. ఎంత బాగుంటుందో!

చీనీ_రైతు_తాడిపత్రి: మీకు ముచ్చటగానే ఉంటుంది, మాకు చీనీ (బత్తాయి) నారుమడిలో ఇవి పడితే మొక్క మోడైపోతుంది. లేత మొక్కల మీదవి చేత్తో ఏరేయక తప్పదు. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, అక్కడ మేం పట్టించుకోం.

కడప_పెరడు: నిజమే అన్నా, నారు సంగతి వేరు. అక్కా, మీది ఎదిగిన చెట్టైతే మళ్లీ చిగురేస్తుంది.

కర్నూలు_టీచరమ్మ: మందు వద్దనడానికి ఇంకో కారణం. మా వరండాలో బట్టల తీగకు తేనెపిట్ట గూడు కట్టింది. నార, ఎండుటాకులు, సాలెగూడు దారాలతో అల్లిన సంచి, పక్కన చిన్న గుమ్మం. కట్టేదీ పొదిగేదీ ఆడపిట్టే. నీలంగా మెరిసే మగది పిల్లలకు మేత తేవడంలో సాయపడుతుంది. పెద్దవి తేనె తాగినా, పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా సాలీళ్లు, చిన్న పురుగులే. మందు కొడితే వాటికి తిండి ఎక్కడిది?

కడప_పెరడు: మా జిల్లాలో పిట్టలంటే అందరూ అంతరించిపోయిందనుకున్నాక 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి గురించే అడుగుతారు. అది లంకమల చిట్టడవిలో రాత్రిపూట తిరిగే పిట్ట, దాన్ని చూడటం మన వల్ల కాదు. పెరట్లో పిగిలిపిట్టలు, జెముడుకాకి వస్తుంటే నాకు ఆ సంతోషం చాలు.

చీనీ_రైతు_తాడిపత్రి: తొండల మెడ ఎర్రబడిందని మా వీధి పిల్లలు రాళ్లేస్తున్నారు. అది జతకట్టే కాలంలో మగదానికి వచ్చే రంగు, అంతే. మిడతల్ని, చీమల్ని తింటుంది. దయచేసి మీ పిల్లలకు చెప్పండి.

కర్నూలు_టీచరమ్మ: ఈ ఎండల్లో పిట్టలకు నీళ్లు పెట్టేవాళ్లు లోతు తక్కువ ఉన్న మట్టి మూకుడు నీడలో పెట్టండి. అందులో నీళ్లపైకి తేలేలా రాళ్లు వేయండి, లేదంటే తేనెటీగలు మునిగిపోతాయి. నీళ్లు రోజూ మార్చాలి, దోమలు చేరతాయి.

మిద్దెతోట_అనంత: మందు మానేశాను. పచ్చపురుగు ఒకటి కుండీ దిగి పిట్టగోడకు అంటుకుంది, నడుము చుట్టూ దారం కనిపిస్తోంది. టెన్షన్‌గా ఉంది, తీసి చెట్టు మీద పెట్టనా?

కడప_పెరడు: కదిలించొద్దక్కా, ప్యూపాగా (సీతాకోకచిలుక అయ్యే ముందు కదలకుండా ఉండే దశ) మారబోతోంది. మధ్యాహ్నం ఎండ నేరుగా తగులుతుంటే పాత చీర అడ్డం కట్టండి, గాలి ఆడేలా.