నల్లరేగడి బురదకు జీపు: ముందు లాకరా, ముందు టైర్లా?

ఆదోని డీజిల్:
మహీంద్రా ఎంఎం 540 జీపు చాసిస్ మీద బురద బండి కడుతున్నాం. ఇంజన్ కమాండర్ నుంచి దించిన డీఐ, 2523 సీసీ. నాలుగు గేర్ల బాక్సు, డానా 18 ట్రాన్స్‌ఫర్ (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే గేర్ల పెట్టె), ముందూ వెనకా 4.88 క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల జత, షాఫ్టు 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు). బాడీ తీసేసి పైపు కేజ్ వేస్తున్నాం, రెండే సీట్లు. ఇప్పుడున్నవి 6.00-16 టైర్లు, బయటి వ్యాసం 29 అంగుళాల లెక్క. తిప్పేది ఆదోని, ఆలూరు మధ్య సొంత చేలల్లో, వాన పడినాక. మిగిలిన డబ్బుకు ఒకటే వస్తుంది: వెనక యాక్సిల్‌కు లాకర్ (రెండు చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పేది), లేదంటే నాలుగు 33 అంగుళాల మడ్ టైర్లు. ఏది ముందు? ఎందుకో కూడా చెప్పండన్నా. "మనోడు వేశాడు, బాగుంది" అనే జవాబులు వద్దు.

స్పైడర్ గేర్:
లాకరే. ఇందులో ఆలోచించేదేముంది? ఓపెన్ డిఫ్, అంటే లాకర్ లేని మామూలు డిఫరెన్షియల్, రెండు చక్రాలకూ ఒకే బలం ఇస్తుంది. పట్టు తక్కువున్న చక్రం ఎంత ఓర్చుకుంటే అంతే. ఒకటి గట్టు మీద, ఒకటి బురదలో ఉంటే గట్టు మీది చక్రానికీ బురద చక్రానికి అందినంతే అందుతుంది. ఫోర్ వీల్ వేసినా ముందు ఒకటి, వెనక ఒకటి తిరుగుతాయి, మిగతా రెండూ చూస్తూ కూర్చుంటాయి. ఆ తిరిగే చక్రానికి 33 అంగుళాల టైరు వేస్తే ఇంకా పెద్ద గుంత తవ్వుతుంది, అంతే లాభం.

కోయిలకుంట్ల రేగడి:
స్పైడర్ అన్నా, రాళ్ల దారికి నీ మాట నిజం, కాలవ గట్టు ఎక్కేటప్పుడూ నిజం. నల్లరేగడిలో ఎడమ చక్రం కింద ఏ జిగురో కుడి చక్రం కిందా అదే జిగురు. లాకర్ వేస్తే ఒకటి తిరిగేచోట రెండు తిరుగుతాయి, బండి మాత్రం కదలదు.

ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంకమన్ను ఎక్కువ. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బాగా నీళ్లు నిలిచినప్పటికంటే తడిసి ఆరీ ఆరని రోజునే దీని అసలు గుణం కనపడుతుంది. చక్రం రెండు చుట్లు తిరిగేసరికి టైరు పట్టీల మధ్య సందులన్నీ నిండి నున్నటి రోలరు అయిపోతుంది. ఇంకో ఇరవై అడుగులు పోతే పొర మీద పొర చుట్టుకుని, లోపలి వైపు కమాన్ కట్టకూ పైన మడ్‌గార్డుకూ ఒరుసుకుంటుంది. తర్వాత చక్రమే ఆగిపోతుంది. గేరు వేసి రేజ్ చేస్తే క్లచ్ వాసన తప్ప ఏమీ రాదు. దీనికి లాకర్ ఏం చేస్తుంది?

కావాల్సింది పట్టీల మధ్య వెడల్పు సందు, టైరు భుజాల దగ్గర తెరుచుకున్న గాడులు, మట్టిని విసిరేసే వేగం. లో రేంజిలో (ట్రాన్స్‌ఫర్‌లో వేగం తగ్గించి బలం పెంచే గేరు) మొదటి గేరు వేసి పాకించొద్దు, పట్టీల్లో మట్టి అట్లే ఉండిపోతుంది. రెండో గేరో, నేల ఒప్పుకుంటే మూడోదో వేసి ఊపు తగ్గనీయకుండా పోవాల. మడ్‌గార్డులు ఉంచితే టైరుకూ వాటికీ మధ్య జానెడు సందు పెట్టండి. కేజ్ బండి గదా, అసలు తీసేస్తేనే మేలు.

గరుసు నేల, అనంతపురం:
టైర్లే ముందు, ఒప్పుకుంటాను. కానీ 33 అంగుళాలంటే అందరూ 12.5 అంగుళాల వెడల్పుది కొంటారు, అక్కడే దెబ్బ. మా పక్క చెరువుల్లో పైన అడుగు, అడుగున్నర బురద, కింద గరుసు. సన్నటి టైరు ఆ బురదను కోసుకుని కిందికి దిగి గరుసును పట్టుకుంటుంది. వెడల్పుది పైనే తేలుతూ జారుతుంది. మిలిటరీ పట్టీ టైరు 7.50-16 చూడండి: వ్యాసం దగ్గర దగ్గర 32 అంగుళాలు, వెడల్పు ఎనిమిది. ఇప్పుడున్న 16 అంగుళాల రిమ్ము వెడల్పు సరిపోతే దాని మీదే కూర్చుంటుంది, కొత్త రిమ్ముల ఖర్చు తప్పుతుంది.

33×12.5-15 వేయాలంటే రిమ్ము కనీసం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పుండాల. జిప్సీ 15 అంగుళాల రిమ్ములకూ జీపుకూ బోల్టుల కొలత ఒకటే, ఐదు బోల్టులు, 139.7 మి.మీ. అందుకని గుజిరీలో అవి కొనుక్కొస్తారు. బోల్టులు పడతాయి, కానీ అవి సన్న రిమ్ములు. దాని మీద పన్నెండున్నర టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి ముడుచుకుని మధ్యలో ఉబ్బుతుంది, గాలి తగ్గించగానే రిమ్ము నుంచి ఊడుతుంది.

కోయిలకుంట్ల రేగడి:
చెరువుకు నువ్వు చెప్పింది సరే. ఆలూరు చేనులో నాలుగు రోజులు ముసురు పట్టినాక నీ గరుసు ఎంత లోతులో ఉంటుందప్పా? సన్న టైరు అడుగు కోసం దిగుతూనే పోతుంది, చివరికి డిఫరెన్షియల్ హౌసింగ్ నేలకు ఆనుతుంది. అక్కడ బండి తేలాల. తేలాలంటే వెడల్పు, తక్కువ గాలి, తక్కువ బరువు.

గరుసు నేల, అనంతపురం:
ముసురు పట్టినాక ఆ చేనులోకి పోయేదే తప్పు, అది వేరే చర్చ. ట్యూబ్ టైరుకు గాలి తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త: 12 పీఎస్ఐ కంటే దిగొద్దు. రిమ్ములో టైరు జరిగితే ట్యూబూ దాంతో జరుగుతుంది, వాల్వ్ మొదట్లో తెగుతుంది. రిమ్ము రంధ్రంలో వాల్వ్ నిటారుగా కాకుండా పక్కకు వాలి కనపడిందంటే ట్యూబు జరగడం మొదలైనట్టే. అక్కడే ఆపి గాలి పెంచండి.

స్పైడర్ గేర్:
టైర్లే అనుకుంటే డబ్బంతా అక్కడ పెట్టండి, లాకర్ పని స్పైడర్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) వెల్డింగ్ కొట్టించి కానివ్వచ్చు. రోడ్డెక్కని బండే గదా. రెండూ అయిపోతాయి.

ప్రొద్దుటూరు లేత్:
వెల్డింగ్ అని సులువుగా అంటారు. బండి కిందే పడుకుని, కవరు తీసి, రాడ్డు పెట్టి అంటించే పని చేయొద్దు. స్లాగ్, ఇనుప గింజలు పినియన్ బేరింగులో పడితే మొత్తం హౌసింగ్ తిరిగి విప్పాల. డిఫరెన్షియల్ కేజ్ (స్పైడర్ గేర్లు కూర్చునే గూడు) బయటికి తీసి, క్రౌన్ వీలు, బేరింగులు విప్పేసి, డీజిల్‌తో కడిగి ఆరబెట్టాల. స్పైడర్ గేర్లు పైపొర గట్టిపరిచిన స్టీలు, చల్లగా ఉన్నప్పుడు అంటిస్తే అతుకు పక్కనే పగులుతుంది. అందుకే ముందు 200 డిగ్రీల పైన వేడి చేసి, ఆరబెట్టిన 7018 రాడ్డుతో నాలుగు వైపులా కొంచెం కొంచెంగా వేయాల. అయినాక పొడి సున్నంలో పూడ్చి తనంతట తాను చల్లారనీయాల. నీళ్లు చల్లితే అయిపోయినట్టే.

ఇంత చేసినా గట్టి నేల మీద మలుపు తిప్పినప్పుడల్లా యాక్సిల్ రాడ్డు మెలి తిరుగుతుంది. బురదలో చక్రం జారి ఆ బలం పోతుంది, గట్టి నేల మీద పోదు. ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు, షెడ్డు ముందు తిప్పుకునేటప్పుడు విరిగేది అందుకే. ముందు యాక్సిల్‌కు మాత్రం వెల్డింగ్ మాటే వద్దు, స్టీరింగ్ తిరగదు.

లాకర్ కొనేటప్పుడు ఇంకొకటి. వెనక హౌసింగ్ డానా 44 రకమే అయితే పేరు చూసి ఆర్డర్ పెట్టేయొద్దు. యాక్సిల్ రాడ్డు తీసి దాని కొస మీది స్ప్లైన్లు (గాళ్ల మధ్య పళ్లు) లెక్కబెట్టండి, పాత వాటిలో 10, 19, తర్వాతి వాటిలో 30 ఉంటాయి. క్రౌన్ పళ్లు కూడా లెక్కబెట్టండి: 39కి 8 అయితే 4.88, 43కి 8 అయితే 5.38. డానా 44లో 3.92, ఆ పైన రేషియోలకు ఒక రకం డిఫరెన్షియల్ కేజ్, 3.73, ఆ కింది వాటికి ఇంకొకటి. 2015 తర్వాతి థార్‌లో మెకానికల్ లాకర్ ఉన్న వెనక యాక్సిల్ వచ్చింది, గుజిరీలో దొరికితే మొత్తంగా వేసేద్దాం అని కొందరంటారు. ముందు రేషియో, వెనక రేషియో ఒకటి కాకపోతే ఫోర్ వీల్ వేసిన మొదటి రోజే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు మాట్లాడతాయి.

ఆదోని డీజిల్:
33 వేస్తే 4.88 సరిపోతుందా? 5.38 సెట్టు చెన్నై పుదుపేటలో దొరుకుతుందంటున్నారు.

ప్రొద్దుటూరు లేత్:
29 నుంచి 33కు పోతే నీ 4.88 పాత టైరు మీద 4.29 ఉన్నట్టు పనిచేస్తుంది. 5.38 వేస్తే 4.73, అంటే ఇప్పుడున్న లాగుడుకు దగ్గర్లో. మార్చితే ముందూ వెనకా రెండూ మార్చాల. పాత సెట్టు కొంటే క్రౌన్, పినియన్ ఒకే జత అని చూసుకో, రెండిటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. వేరే వేరే జతలు కలిపితే ఎన్ని షిమ్ములు (సందు సర్దే సన్న రేకులు) సర్దినా ఈల పోదు.

కోయిలకుంట్ల రేగడి:
రేగడికైతే మార్చొద్దు. డానా 18 లో రేంజి 2.46, అదే చాలు. ఇంకా లో అయితే చక్రం నెమ్మదించి మట్టి విసరదు.

ఆర్సీ పుస్తకం:
ఎవరూ చెప్పలేదు కాబట్టి: కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండిని రోడ్డు మీద తిప్పకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే తేల్చింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలోకి వచ్చాయి. ట్రాలీ మీద తీసుకుపోవడమే దారి. చేను దాటి అవతలి చేనుకు తారు రోడ్డు మీద పోయినా రోడ్డే.

గరుసు నేల, అనంతపురం:
లాకర్, టైరు రెండిటికంటే ముందు రెండు చిన్న ఖర్చులు. ఒకటి, యాక్సిల్ హౌసింగ్ బ్రీదర్లకు (గాలి ఆడే రంధ్రాలకు) రబ్బరు పైపు తగిలించి ఇంజన్ ఎత్తుకు తేవాల. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగి చల్లారినప్పుడు గాలి బదులు నీళ్లు పీల్చుకుంటుంది, ఆయిలు పాల కాఫీ రంగుకు తిరుగుతుంది. రెండు, చాసిస్‌కు ముందూ వెనకా లాగే కొక్కేలు, 4.75 టన్నుల షాకిల్‌తో. బంపరుకు వెల్డింగ్ కొట్టిన రింగు పట్టుకుని లాగితే రింగు ఊడి మనిషి మీదికొస్తుంది.

ఇంక అసలు ప్రశ్నకు: ఇప్పుడున్న టైర్లతోనే వాన పడినాక తిప్పండి. దిగబడిన చోట నేల చూడండి. వెనక ఒక్క పక్కే గుంత ఉండి రెండో పక్క టైరు గుర్తు మామూలుగా ఉంటే లాకర్. రెండు పక్కలా సమానంగా తవ్వి, టైరు మట్టి ముద్దలా ఉంటే టైర్లు. రెండు గాడుల మధ్యలో హౌసింగ్ గీసిన గీత ఉంటే కమాన్ కట్టలు యాక్సిల్ పైకి మార్చాల, ఐదు అంగుళాల దాకా చాసిస్ లేస్తుంది, అప్పుడు పెద్ద టైరుకూ చోటుంటుంది. హౌసింగ్ మాత్రం పెద్ద టైరు వేస్తేనే లేస్తుంది. కట్టలు పైకి మార్చేవాళ్లు పినియన్ కోణం సరిచూసుకున్నాకే యాక్సిల్ మీద కట్టలు కూర్చునే సీట్లు వెల్డింగ్ కొట్టండి, లేకపోతే క్రాస్ జాయింట్లు తినేస్తుంది.

ఆదోని డీజిల్:
మొన్నటి ఫొటో చూసినాం. రెండు పక్కలా గుంతలు, మధ్యలో గీత లేదు. టైర్లే. వెడల్పుదా సన్నదా అని మీరిద్దరూ తేల్చుకోండి.

స్పైడర్ గేర్:
వేయండి, ఎవరు కాదన్నారు. హౌసింగ్ కవరు ఇప్పుడు ఆయిలు మార్చడానికి తెరుస్తారు గదా, అప్పుడే యాక్సిల్ రాడ్డు కూడా తీసి స్ప్లైన్లు లెక్కబెట్టి రాసిపెట్టుకోండి. కాలవ గట్టు ఎక్కాల్సి వచ్చిన రోజు లాకర్ ఆర్డర్ పెట్టడానికి మళ్లీ విప్పక్కరలేదు.