అప్‌డేట్: మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు

విడాకుల కేసు తేలేలోపు భరణంతో పాటు లాయర్ ఫీజూ అడగొచ్చా అన్నది నా ప్రశ్న. అడగొచ్చు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద రెండూ ఒకే పిటిషన్‌లో వేయొచ్చు. సరిపడా సొంత ఆదాయం లేకపోతే భర్తకూ ఆ హక్కుంది.

అసలు చిక్కంతా అఫిడవిట్ (ప్రమాణ పత్రం) దగ్గరే. 2020 నాటి రజ్నేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆస్తులు, అప్పులు, ఆదాయం ఇద్దరూ చూపాలి. వ్యవసాయదారులకు వేరే నమూనా ఉంది, అది చూసుకోకుండా మామూలుది నింపొద్దు. అవతలివారికి జవాబుకు గరిష్ఠంగా నాలుగు వారాలు.

అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో ఈ పిటిషన్ తేల్చాలన్న నిబంధనలో 'వీలైనంతవరకు' అనే మాట ఉంది. వాయిదాలన్నీ అందులోంచే! అయినా భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద ఇప్పటికే భరణం వస్తుంటే దాచొద్దు; కోర్టు దాన్ని సర్దుబాటు చేస్తుంది.