చైనా బ్రోకలీ: కాడ ఉడికేసరికి ఆకు రంగు మారుతోంది

ప్రశ్న (విజయనగరం): చలికాలంలో డాబా మీద కుండీల్లో వేసిన చైనా బ్రోకలీ, అంటే గైలాన్, ఇప్పుడు కోతకు వచ్చింది. తోటకూరలా తరిగి మూత పెట్టి మగ్గిస్తే కాడ ఉడికేలోగా ఆకు రంగు మారి, చేదు మిగులుతోంది. దీనికి మామూలుగా వేసే ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సారంతో చేసేది) మా ఇంట్లో వాడము. సరైన పద్ధతి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం): అమ్మా, ఇది క్యాబేజీ, కాలీఫ్లవర్ల జాతిదే కనుక మూత పెట్టి మగ్గించకూడదు. ముందు ఆకులను, కాడలను వేరు చేసి, లావు కాడల అడుగున ముదురు తొక్క చెక్కి, నిలువుగా చీల్చండి. మరుగుతున్న నీటిలో ఉప్పు, చెంచా నూనె వేసి, ముందు కాడలను, నిమిషం తరువాత ఆకులను వేసి, మరో నిమిషంలో అన్నీ తీసి చన్నీళ్లలో ముంచితే పచ్చదనం నిలుస్తుంది, చేదూ కొంత తగ్గుతుంది. నీరు పూర్తిగా ఓడ్చాక, పెద్ద మంట మీద చిదిపిన వెల్లుల్లిని నూనెలో వేసి, అది ఎర్రబడకముందే కూర కలిపి, సోయా సాస్, చిటికెడు పంచదార చేర్చి దించండి. నీరు మిగిలితే అది వేపుడు కాదు, పులుసే!

జవాబు (బొబ్బిలి): సోయా సాస్ కూడా అక్కరలేదని నా అభిప్రాయం. ఉడికించిన కాడలకు పోపు పెట్టి, పొయ్యి మీద నుంచి దించి చల్లారాక, పనసపొట్టు కూరకు పెట్టినట్టే ఆవ పెట్టండి. వేడి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది.

ప్రశ్నించినవారు: మొగ్గలు పారేయాలా?

జవాబు (శ్రీకాకుళం): వద్దండీ, అవీ తినేవే. తెల్లని పూలు విచ్చకముందే కోయండి. నడిమి కాడ కోశాక పక్క పిలకలు వస్తాయి.